కొండను చూసి వచ్చిన కన్ను: తుమ్మపూడి సంజీవదేవ్ ప్రకృతి చిత్రణ

విజయవాడ నుంచి తెనాలి వెళ్లే రైలు కృష్ణ మీది వంతెన దాటుతున్నప్పుడు కిటికీలోంచి అన్ని వైపులా కొండలే కనిపిస్తాయి. వెనక ఇంద్రకీలాద్రి, ముందు సీతానగరం కొండ, పడమట ఉండవల్లి వైపు సాగిన గుట్టలు. తూర్పు కనుమలు సముద్రం వైపు విసిరేసిన చివరి తునకలివి. కృష్ణా కెనాల్ జంక్షన్ దాటాక అవి ఒక్కొక్కటే వెనకబడతాయి. పెదవడ్లపూడి, చిలువూరు గడిచి దుగ్గిరాల వచ్చేసరికి నేల పూర్తిగా చదునైపోతుంది. సెల్ టవర్లను మినహాయిస్తే తాటిచెట్టును మించి తలెత్తి నిలబడేది ఏదీ ఉండదు. హిమాలయాలను చూసి వచ్చిన ఒక చిత్రకారుడు ఈ చదునులోనే, దుగ్గిరాల మండలం తుమ్మపూడిలో, జీవితంలో ఎక్కువ భాగం గడిపారు. ఆయన సంజీవదేవ్. ఇంటిపేరు సూర్యదేవర. 1914 జూలై 3న తుమ్మపూడిలోనే పుట్టి, 1999 ఆగస్టు 25న కన్నుమూశారు.

తెలుగు పాఠకులకు ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేది వ్యాసం, లేదా ఉత్తరం. ‘తెగిన జ్ఞాపకాలు’ అనే ఆత్మకథ, సౌందర్యం మీదా చిత్రకళ మీదా రాసిన వ్యాసాలు, ఎక్కడెక్కడి మిత్రులకో రాసిన లెక్కలేనన్ని లేఖలు ఆయన్ను రచయితగా నిలబెట్టాయి. 1980లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ గౌరవాన్నిచ్చింది. ఈ కీర్తి వెలుగులో ఆయన కుంచె నీడన పడింది. రచయిత తీరిక వేళల్లో వేసుకున్న బొమ్మలుగా వాటిని చూడటం అలవాటైపోయింది. ఆ అలవాటు సరైనది కాదు. చూడటం గురించి ఆయన వాక్యాల్లో చెప్పినదంతా మొదట ఆయన చేతిలోని కాగితం మీద పరీక్షకు నిలిచింది. ఆయన బొమ్మల్లో ప్రధానమైనవి ప్రకృతి చిత్రాలు. ఆ ఎంపిక వెనక ఏముందో తెలుసుకోవాలంటే కాస్త దూరం వెనక్కి వెళ్లాలి.

మన దేశంలో ప్రకృతి దృశ్యం చిత్రానికి ప్రధాన వస్తువు కావడం చాలా కొత్త సంగతి. గుంటూరుకు ఉత్తరాన కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతి శిల్పాలను చూస్తే ఈ విషయం స్పష్టపడుతుంది. రెండు వేల ఏళ్ల కిందటి ఆ సున్నపురాతి పలకల మీద చెట్లున్నాయి, తామరలున్నాయి, నీళ్లున్నాయి. కానీ చెట్టు అక్కడ బుద్ధుడి ఉనికికి గుర్తు. నీళ్లు కథ ఎక్కడ జరిగిందో చెప్పే ఆనవాలు. కథనూ మనుషులనూ తీసేస్తే మిగిలిన చోటును చోటుగా చూపించాలన్న ఆలోచన ఆ శిల్పికి లేదు. అది అతని లోపం కూడా కాదు, అతని అవసరం వేరు. కుడ్యచిత్రాల్లోనూ, తరువాతి కాలపు సూక్ష్మ చిత్రాల్లోనూ ఇదే వరస. కొండ, వాగు, మబ్బు అన్నీ ఉంటాయి, వెనక వరుసలో నిలబడతాయి.

విచిత్రమేమిటంటే తెలుగు కవిత్వంలో ఈ కొరత లేదు. ప్రబంధానికి అష్టాదశ వర్ణనలు కావాలన్నారు. సముద్రం, పర్వతం, ఋతువులు, సూర్యోదయం, చంద్రోదయం అందులో తప్పనిసరి. పాదలేపనం పూసుకుని హిమాలయానికి ఎగిరిపోయిన ప్రవరుడు మంచుకొండను కళ్లప్పగించి చూసే ఘట్టం తెలుగువారికి కంఠతా వచ్చు. కథ కాసేపు ఆగి, ఆ కొండే కథగా నిలబడిపోయే చోటు అది. కవి చేసిన ఆ పనిని చిత్రకారుడు చేయడానికి మనకు మరో నాలుగు వందల ఏళ్లు పట్టింది.

మధ్యలో ఇంగ్లండు నుంచి థామస్, విలియం డేనియల్ అనే ఇద్దరు వచ్చి 1786 నుంచి 1793 వరకు దేశమంతా తిరిగి కోటలను, గుళ్లను, నదులను గీసుకుపోయారు. వాళ్ల బొమ్మలు గొప్పవే. అయితే అవి దూరం నుంచి వచ్చినవారి చూపు. వింతను వెతికే చూపు. ఇంటి ముందు మనకు రోజూ కనిపించే చేలగట్టు అందులోకి రాదు. రవివర్మ తైలవర్ణాలు తెచ్చినా ప్రకృతిని దేవతల వెనక తెరగానే ఉంచారు.

మలుపు కలకత్తాలో వచ్చింది. 1903లో యొకొయామా తైకాన్, హిషిదా షున్సో అనే జపాను చిత్రకారులు అక్కడికి వచ్చినప్పుడు అవనీంద్రనాథ్ ఠాకూర్ వారి పనితీరును దగ్గర నుంచి చూశారు. దాని నుంచి రూపుదిద్దుకున్నదే వాష్ పద్ధతి. రంగు వేసిన కాగితాన్ని నీళ్లలో ముంచి తీయడం, ఆరీ ఆరకముందే మరో పొర వేయడం, మళ్లీ ముంచడం. గీతల అంచులు కరిగి, బొమ్మంతా పొగమంచులో ఉన్నట్టు తయారవుతుంది. ఈ పద్ధతి బందరుకు చేరింది. అక్కడి ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార ఛటర్జీ చిత్రకళ నేర్పారు. ఆయన కూడా హిమాలయాల్లో తిరిగి వచ్చినవారే. అడివి బాపిరాజు ఆయన శిష్యులు. సముద్ర తీరానికి దగ్గరలో, సంవత్సరంలో సగం రోజులు గాలి తడితో బరువెక్కి ఉండే ఊళ్లో, తడి గాలిని చూపించడానికే పుట్టినట్టున్న పద్ధతి అడుగుపెట్టింది. అయినా ఆ తరం దాన్ని ఎక్కువగా పురాణ పురుషులకు, చారిత్రక నాయికలకు వాడుకుంది. కాలువ మీది మంచుకు వాడి ఉంటే తెలుగు చిత్రకళ దారి వేరేగా ఉండేది. అది చేజారిన అవకాశమే.

గోదావరి వైపు దామెర్ల రామారావు ఆ దిశగా అడుగు వేశారు. 1897లో రాజమహేంద్రవరంలో పుట్టి, బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, తిరిగి సొంత ఊరికి వచ్చి తన చుట్టూ చిత్రకారులను కూడగట్టారు. గోదావరిని, కొండలను చూసిన కన్ను ఆయనది. 1925లో మశూచి ఆయన్ను తీసుకుపోయినప్పుడు వయసు ఇరవై ఎనిమిదికి నెల రోజులు తక్కువ. తెలుగు ప్రకృతి చిత్రణకు తగిలిన ఆ దెబ్బ గురించి ఇప్పటికీ తగినంత మాట్లాడుకోలేదు.

దామెర్ల పోయేనాటికి సంజీవదేవ్ పదేళ్లవాడు. ఆ తరువాత యువకుడిగా ఉత్తరాదికి, హిమాలయాల వైపు ప్రయాణం కట్టారు. కళాశాల మెట్లెక్కి నేర్చుకున్న చిత్రకళ కాదు ఆయనది. తిరగడంలో, మనుషుల్లో, పుస్తకాల్లో దొరికింది. ఆ తిరుగుడులో ఆయన హిమాలయాల్లోని కులూ లోయకు చేరి రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ ఇంట అతిథిగా ఉన్నారు. ఆయన ప్రకృతి చిత్రణను అర్థం చేసుకోవడానికి ఇదొక తాళంచెవి.

రోరిక్ 1874లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టారు. పారిస్ రంగస్థలానికి దృశ్యాలంకరణ చేసిన చేయి. మధ్య ఆసియా ఎడారులు, టిబెట్ పీఠభూమి మీదుగా 1925 నుంచి 1928 వరకు సాగిన యాత్ర ముగించుకుని, కులూ లోయలోని నగ్గర్‌లో కుటుంబంతో స్థిరపడ్డారు. 1947లో అక్కడే మరణించారు. జీవితకాలంలో ఆయన వేసిన చిత్రాలు సుమారు 7,000 అంటారు. వాటిలో హిమాలయాల మీద వేసినవే ఆయనకు లోకప్రసిద్ధి తెచ్చాయి. యుద్ధాల్లో గుళ్లను, గ్రంథాలయాలను, మ్యూజియాలను కాపాడాలంటూ ఆయన ఉద్యమించిన ఫలితంగా 1935 ఏప్రిల్ 15న వాషింగ్టన్‌లో ఒక ఒడంబడిక మీద సంతకాలయ్యాయి. అది ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. భారత ప్రభుత్వం ఎవరి కృతులను జాతీయ కళాసంపదగా ప్రకటించి దేశం దాటకుండా ఆపిందో ఆ తొమ్మిది మందిలో రోరిక్ ఒకరు. రష్యాలో పుట్టిన మనిషికి ఆ జాబితాలో చోటు దొరికింది. తెలుగు చిత్రకారులెవరూ అందులో లేరు.

రోరిక్ కొండ ఎలా ఉంటుంది? పలుచని, పొడిబారిన టెంపెరా (జిగురుతో కలిపిన) రంగుల్లో, అడ్డంగా పేర్చిన పొరల్లా ఉంటుంది. దగ్గరి గుట్ట ముదురు ఊదా, దాని వెనకది నీలం, ఆ వెనకది లేత నీలం, చివర మంచు శిఖరం గులాబి లేదా పసుపు. అంచులు కత్తితో కోసినట్టు ఉంటాయి. ఈ రంగులను చూసినవారు చాలామంది ఆధ్యాత్మిక ఊహ అనుకుంటారు. ఊహ ఉంది. అయితే ఆ రంగుల్లో సగం అక్కడి గాలిదే.

నగ్గర్ సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తుకు వెళ్లేసరికి వాతావరణంలోని గాలిలో దాదాపు అయిదో వంతు కిందే ఉండిపోతుంది. దాంతోపాటు దుమ్ము, ఆవిరి, పొగ కూడా ఎక్కువగా కిందే ఉంటాయి. స్వచ్ఛమైన గాలిలోని అణువులు వెలుగులోని నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి. అందుకే అక్కడ దూరానికి నీలి రంగు వస్తుంది. ముప్ఫై, నలభై కిలోమీటర్ల అవతల ఉన్న శిఖరం కూడా చేయి చాస్తే అందేలా స్పష్టంగా కనిపిస్తుంది. దూరాన్ని కొలవడానికి కంటికి మిగిలే ఆధారం నీలం ముదురా లేతా అన్నదే. రోరిక్ ఆ నీలాల నిచ్చెననే కాగితానికి, కాన్వాసుకు ఎత్తారు.

ఇప్పుడు అదే కంటిని దుగ్గిరాల కాలువగట్టు మీద నిలబెట్టాలి. ఇక్కడి ఎత్తు సముద్రం మీద పది పదిహేను మీటర్లు. గాలిలో చేల తడి, కాలువల ఆవిరి, ఎండాకాలమైతే సన్నని దుమ్ము, కోతల తరువాత పొగ. ఈ కణాలు గాలి అణువుల కంటే ఎన్నో రెట్లు పెద్దవి. ఇవి నీలాన్ని మాత్రమే ఏరుకోవు, అన్ని రంగులనూ ఒకేలా చెదరగొడతాయి. ఫలితంగా డెల్టాలో దూరం తెల్లబడుతుంది. రెండు మూడు కిలోమీటర్లకే తాటితోపు బూడిద గీతగా మారిపోతుంది. వాయవ్యాన ఉన్న మంగళగిరి కొండ వాన వెలిసిన సాయంత్రం ఉన్నట్టుండి ప్రత్యక్షమై, మర్నాటి ఎండకు మళ్లీ మాయమవుతుంది. కులూలో నేర్చుకున్న నీలాల నిచ్చెన ఇక్కడ పనికిరాదు. ఎక్కడానికి మెట్లే లేవు.

ప్రకృతి చిత్రకారుడికి ఇది చిన్న ఇబ్బంది కాదు. కొండ ఉన్న చోట బొమ్మ కూర్పు సగం కొండే చేసిపెడుతుంది. చదును నేల అలాంటి సాయం ఏదీ చేయదు. ఒక అడ్డగీత, దాని కింద పొలం, పైన ఆకాశం. ఆ అడ్డగీతను కాగితం మీద ఎక్కడ గీయాలన్న ఒక్క నిర్ణయం మీదే బొమ్మ బతుకు ఆధారపడుతుంది. పైకి గీస్తే పొలం గోడలా నిలబడిపోతుంది. మధ్యలో గీస్తే బొమ్మ రెండు ముక్కలవుతుంది. కిందికి గీస్తే ఆకాశాన్ని నింపే పని మీద పడుతుంది. రైన్ నది డెల్టాలో ఉన్న హాలెండు చిత్రకారులు 1600ల్లో ఈ చిక్కునే ఎదుర్కొన్నారు. యాకోబ్ వాన్ రాయిస్డాల్ వంటివారు దిగంతాన్ని చిత్రం అడుగుకు దించి, మూడింట రెండు వంతులు మబ్బులకు ఇచ్చేశారు. నీళ్లను కట్టడి చేసి సంపాదించుకున్న చదును నేల కావడం ఆ దేశానికీ కృష్ణా డెల్టాకూ ఉన్న పోలిక.

మన డెల్టా కూడా సగం మనిషి చేసినదే మరి. 1832–33లో ఈ ప్రాంతాన్ని పీల్చి పిప్పిచేసిన డొక్కల కరువు జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉండగా, కృష్ణ మీద ఆనకట్ట పని మొదలై 1855లో పూర్తయింది. సీతానగరం దగ్గర నదిని వదిలిన పశ్చిమ కాలువ దుగ్గిరాల మీదుగా వెళ్తుంది. కొమ్మమూరు కాలువ అక్కడి నుంచే చీలుతుంది. మెట్టపైర్లు పండే నేల మాగాణి అయింది. చేలగట్లు, బోదెలు, లాకులు, తూములు, గట్ల మీద తుమ్మచెట్లు, తాటి వరుసలు అన్నీ ఆ తరువాత సర్దుకున్నవే. సంజీవదేవ్ పుట్టేనాటికి ఈ పచ్చని చిత్రపటానికి అరవై ఏళ్లు కూడా నిండలేదు. పాత ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజి 1957లో పని మొదలుపెట్టింది. తరతరాలుగా ఇలాగే ఉందని మనం అనుకునే పల్లె దృశ్యం నిజానికి ఒక ఇంజనీరింగ్ నిర్మాణం. అందుకే ఇక్కడి ప్రకృతిలో సరళరేఖలు అంత ఎక్కువ. దూరానికి వెళ్లే కొద్దీ సన్నబడే కాలువ ఒక్కటే ఈ చదునులో చిత్రకారుడికి లోతును ఇచ్చే గీత.

ఈ నేల రంగుల పంచాంగాన్ని దగ్గరగా చూస్తే అసలు కష్టం, అసలు సంపద రెండూ బయటపడతాయి. ఆషాఢంలో నారుమడి పచ్చ కళ్లను గుచ్చుతుంది. అంత పసుపు కలిసిన పచ్చను పెట్టెలోని ఏ ఒక్క రంగూ ఇవ్వదు, పక్కన దమ్ముచేసిన మడిలోని బురద గోధుమను ఉంచితే తప్ప అది కాగితం మీద వెలగదు. ఊడ్పులయ్యాక కొన్ని రోజులపాటు పొలమంతా అద్దం. ఆకాశం కిందా పైనా ఉంటుంది, దిగంతపు గీత ఉండీ లేనట్టుంటుంది. కార్తికానికి పైరు ముదిరి రంగు బరువెక్కుతుంది. కోతకు కొద్ది రోజుల ముందే, నిలబడి ఉన్న వరిలో మినుములు చల్లుతారు. వరి కోసి పనలు ఎత్తాక, ఎండు మొదళ్ల బంగారు రంగు అడుగున మినుము మొలకల ముదురు పచ్చ తలెత్తుతుంది. రెండు పంటలు, రెండు వయసులు, రెండు రంగులు ఒకే మడిలో. ధనుర్మాసపు ఉదయాల్లో మంచు ఇవన్నీ తుడిచేసి, తాటి తలలను మాత్రమే గాలిలో వదిలేస్తుంది. మాఘ ఫాల్గుణాల్లో దుగ్గిరాల చుట్టూ పసుపు తవ్వి, ఉడకబెట్టి, కల్లాల్లో ఆరబోస్తారు. ఆ పసుపు మీద మిట్టమధ్యాహ్నపు ఎండ పడితే నీడ ఊదాగా కనిపిస్తుంది. పసుపు పక్కన ఊదా మరింత ఊదాగా కనబడుతుందన్న వర్ణశాస్త్రాన్ని ఇక్కడి రైతు కల్లంలో ఉచితంగా చూస్తాడు.

కొండలు చూసి వచ్చిన చిత్రకారుడు ఇన్ని సున్నితమైన తేడాల మధ్య కూర్చున్నప్పుడు పనిముట్లు కూడా మారాలి. సంజీవదేవ్ ఎంచుకున్నవి నీటిరంగులు, పాస్టెల్ కణికలు, చిన్న కాగితాలు. ఈ ఎంపికను పేదరికంగానో, తీరిక లేకపోవడంగానో చూడటం తొందరపాటు. నీటిరంగులో తెలుపు అనే రంగు వాడనవసరం లేదు, కాగితమే తెలుపు. దూరం తెల్లబడే దేశంలో ఇంతకంటే తగిన సాధనం లేదు. రంగును పలచన చేసుకుంటూ పోతే దూరం దానంతటదే వస్తుంది. అయితే గుంటూరు ఎండలో నీటిరంగు కుంచె కదిలేలోపే ఆరిపోయి గట్టుకడుతుంది. శ్రావణ భాద్రపదాల్లో ఎంతకూ ఆరదు. శీతాకాలపు ఉదయాలే దానికి అనుకూలం. పాస్టెల్‌కు ఆ బెడద లేదు. అది దాదాపు వట్టి రంగుపొడి, కణికగా నిలబడేంత జిగురు మాత్రమే ఉంటుంది. గరుకు కాగితం మీద రాసి వేలితో అదిమితే ఒక రంగు మరొకదానిలోకి గీత లేకుండా జారుతుంది. అంచులు లేని దిగంతానికి అంచులు లేని రంగు. రోరిక్ కత్తి అంచుకు ఇది నేరుగా ఎదురు దిశ.

చిన్న కాగితం సంగతి మరీ ముఖ్యం. పెద్ద చిత్రం గదిలో నిలబడి చూసేవాడిని లోపలికి లాగుతుంది. అరచేతిలో పట్టే చిత్రాన్ని చూసేవాడే దగ్గరకు తీసుకోవాలి, ఉత్తరాన్ని చదివినట్టు. ఆయన లేఖకుడు కావడానికీ ప్రకృతి చిత్రకారుడు కావడానికీ మధ్య ఉన్న బంధుత్వం ఇక్కడ కనిపిస్తుంది. రెండూ ఒకరి నుంచి ఒకరికి వెళ్లే చిన్న కాగితాలు. సభకు చెప్పే మాట కాదు, ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పే మాట. తెలుగు చిత్రకళలో ఈ స్థాయి సన్నిహితత్వం అరుదు. ఆధునికత అంటే గోడంత కాన్వాసే అన్న లెక్కలో ఇలాంటి పని కొలతకు దొరకక జారిపోతుంది.

ఆయన మంచి ఛాయాచిత్రకారుడు కూడా. ఒకే మనిషి కెమెరా, కుంచె రెండూ పట్టినప్పుడు ఏది దేనికి అన్న ప్రశ్న వస్తుంది. కెమెరా కళ్లెదుట ఉన్న క్షణాన్నే పట్టుకోగలదు, తుమ్మపూడిలో ఉండి మంచుకొండను ఫొటో తీయడం కుదరదు. కుంచెకు జ్ఞాపకం చాలు. జ్ఞాపకంలోంచి వేసిన కొండలో వివరాలు రాలిపోతాయి. బండల పగుళ్లు, దారి మలుపులు, ఏ దేవదారు ఎక్కడుందన్న లెక్క మిగలవు. మిగిలేది కొండ బరువు, దాని ముందు మనిషి నిలబడ్డ నిశ్శబ్దం. ఈ రాలిపోవడాన్ని లోపంగా తీసుకునే పద్ధతి ఒకటి ఉంది, ఎదురుగా కూర్చుని గీసినదే నిజమైన ప్రకృతి చిత్రమని వాదించేది. చైనా, జపాను చిత్రకారులు శతాబ్దాలపాటు కొండల్లో నడిచి, ఇంటికి వచ్చి గీశారు. కంటికి కనిపించినదాన్ని మనసులో మరగనిచ్చాకే కాగితం మీద పెట్టాలన్న ఆ తూర్పు సంప్రదాయం వైపే సంజీవదేవ్ మొగ్గు.

ప్రవరుడితో ఆయన్ను పోల్చాలనిపించేది ఇందుకే. ప్రవరుడి పాదలేపనం మంచుకు కరిగిపోయింది. తిరిగి రావడానికి దారి తెలియక అతను అల్లాడాడు, ఇల్లు తప్ప మరేదీ పట్టలేదు. సంజీవదేవ్ కొండను కళ్లారా చూసి, ఇష్టంతో ఉండి, ఇష్టంతోనే తిరిగి వచ్చారు. వచ్చాక కొండను మరిచిపోలేదు, ఊరిని తక్కువ చేయలేదు. దేశదేశాల చిత్రకళను, తత్వాన్ని చదువుకున్న మనిషి నగరానికి తరలిపోకుండా పల్లెలో ఉండిపోవడం ఆ తరంలో తేలిక నిర్ణయం కాదు. మిత్రులు, చదువరులు వెతుక్కుంటూ ఆ ఊరికే వచ్చారు. రసజ్ఞత పట్నం సొత్తు అన్న నమ్మకాన్ని తుమ్మపూడి కొన్ని దశాబ్దాలపాటు నిశ్శబ్దంగా పక్కకు నెట్టింది.

ప్రకృతి చిత్రాల మీద ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. 1943లో బెంగాల్‌లో జనం ఆకలితో రాలిపోతుంటే చిత్తప్రసాద్ ఆ ఎముకల గూళ్లను నల్ల సిరాతో గీశారు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లోనూ అవి రైతు ఉద్యమాలు, వామపక్ష రాజకీయాలు ఉరకలెత్తిన రోజులు. అలాంటి కాలంలో చెట్టూ మబ్బూ గీయడం తప్పించుకోవడం కాదా? వరిచేను అందంగా ఉంది సరే, వంగి వంగి నాట్లు వేసిన కూలీ ఆ పచ్చదనంలో ఎక్కడ? ఈ ప్రశ్నలో న్యాయముంది. మనిషి లేని ప్రకృతి చిత్రం, మరీ ముఖ్యంగా మనిషి చెమటతో తయారైన డెల్టాలో, అసంపూర్ణమే. ఆ అసంపూర్ణత ప్రక్రియలోనే ఉంది, దానికి సమాధానం చెప్పి తీరాలని ఒక్క చిత్రకారుణ్నే నిలదీయడం మాత్రం సరికాదు. పైగా గోపాల్ ఘోష్ వంటివారు బెంగాల్ కరువునూ గీశారు, అదే చేత్తో చెట్లనూ గీశారు. రెండూ ఒకే కంటి పని. నేలను శ్రద్ధగా చూడటం నేర్పిన చిత్రం, ఆ నేల మీద వంగిన మనిషిని చూడకుండా అడ్డుపడదు. అసలు చూడటమే మానేసినప్పుడే ఇద్దరూ కనిపించకుండా పోతారు.

చూడవలసిన నేల ఈలోగా వేగంగా మారుతోంది. 2015 నాటికి రాజధాని కోసం తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాల్లో దాదాపు 33,000 ఎకరాలు భూసమీకరణలోకి వెళ్లాయి. అరటి, కంద, కూరగాయలు, మల్లెతోటలు ఉన్న నేల అది. దాని మంచిచెడులు వేరే చర్చ. ప్రకృతి చిత్రణ వైపు నుంచి చూస్తే ఒక సంగతి మాత్రం స్పష్టం: ఆ తోటల మీద పడిన ఉదయపు వెలుగును ఎవరైనా శ్రద్ధగా గీసి ఉంటే ఆ కాగితం ఇప్పుడు రెవెన్యూ పటం చెప్పలేనిది చెబుతుంది. పటంలో సర్వే నంబరు ఉంటుంది, నీడ ఉండదు. 1855లో మెట్ట పోయి మాగాణి వచ్చినప్పుడు ఈ పని చేసిన తెలుగు చిత్రకారుడు లేడు. రెండోసారి మారుతున్నప్పుడు ఆ సాకు చెల్లదు. విజయవాడ, గుంటూరు కళాశాలల్లో చిత్రకళ నేర్చుకుంటున్న పిల్లలు పాఠ్యపుస్తకాల్లోని యూరప్ కొండలను ఎత్తిరాసే బదులు, పెదవడ్లపూడి దాటాక ఏ స్టేషన్లోనైనా దిగి, అడ్డగీత ఎక్కడ గీయాలో ఒక ఉదయమంతా తేల్చుకోలేకపోతే, అది గొప్ప పాఠమవుతుంది.

రాజమహేంద్రవరంలో దామెర్ల చిత్రాలు ఒక చిత్రశాలలో భద్రంగా ఉన్నాయి. ఆయన పోయాక ఊరు ఆయన్ను వదులుకోలేదు. విజయవాడలో 1887లో పునాది పడిన విక్టోరియా జూబిలీ మ్యూజియం ఇప్పుడు చిత్రకారుడు, దర్శకుడు బాపు పేరుతో నడుస్తోంది. కృష్ణకు ఇరువైపులా గీసిన ప్రకృతి చిత్రాలకు, సంజీవదేవ్ చిన్న కాగితాలకు, శాశ్వతమైన ఒక గది ఈ రెండు నగరాల్లో ఏదో ఒకచోట ఉండటం అత్యాశ కాదు. గది పెద్దదిగా ఉండనవసరం లేదు. వెలుగు తక్కువగా ఉంటే చాలు.

ఎందుకంటే కాగితం మీది రంగుకు వెలుగే మొదటి శత్రువు. మ్యూజియాల్లో నీటిరంగుల మీద 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుగు కొలత) మించి వెలుగు పడనివ్వరు. మన ఇళ్లలో కిటికీ పక్కన వేలాడే బొమ్మ మీద పగటిపూట దానికి ఎన్నో రెట్లు పడుతుంది. రెండో శత్రువు తడి. వర్షాకాలంలో గోడకు ఆనించిన ఫ్రేము వెనక బూజు పట్టి, గోధుమ రంగు మచ్చలు లేస్తాయి. మూడోది చవక అట్ట. ఫ్రేము కట్టే దుకాణంలో వెనక వేసే అట్టలోని ఆమ్లం ఏళ్ల తరబడి కాగితంలోకి దిగి దాన్ని పెళుసుగా చేస్తుంది. పాస్టెల్ అయితే అద్దానికి తగలకుండా చుట్టూ మందపాటి అంచు పెట్టాలి, లేకపోతే రంగుపొడి అద్దానికే అంటుకుంటుంది. ఆయన తరం చిత్రకారుల బొమ్మలు దాచుకున్న ఇళ్లు తెనాలిలో, గుంటూరులో, విజయవాడలో ఉంటే, ఆ ఇళ్లవారు చేయగలిగిన పనులివి: ఎండ పడని లోపలి గోడకు మార్చడం, ఫ్రేముకూ గోడకూ మధ్య అంగుళం సందు వదలడం, బొమ్మకు రెండు వైపులా ఫొటో తీసి ఉంచడం. ఫ్రేము మార్పించేటప్పుడు వెనకనున్న పాత కాగితాన్ని పారేయనివ్వకూడదు. తేదీ, ఊరు, ఎవరికి ఇచ్చినదీ రాసి ఉంటే అక్కడే రాసి ఉంటుంది.